ఫుకట్‌లో ఎంత దూరం, పైసలు ఎక్కడ: డీ అండ్ డీ డిజిటల్ టూల్స్‌కి సమగ్ర మార్గదర్శి

“అన్నా, ఆ స్పెల్ ఫ్రీ సైట్ల ఎంత దేవులాడినా దొరుకుతలేదు. ఇగ బుక్కే కొనేసిన.”

ఒక ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అనే పాత్రలు వేసి ఆడే కథాటలో, మా టేబుల్ మీద బార్డ్ (పాటల మాంత్రికుడు) ఆడే తమ్ముడి మెసేజ్ ఇది. వాడికి కావలసింది ‘టాషాస్ హిడియస్ లాఫ్టర్’ అనే మొదటి లెవెల్ స్పెల్ (మంత్రం). అది పడితే శత్రువు నవ్వి నవ్వి కింద పడతాడు. ఆ ఒక్క నవ్వు కోసం రెండున్నర వేలు పెట్టి డిజిటల్ పుస్తకం కొన్నాడు. మధ్యాహ్నం హన్మకొండ నయీంనగర్‌లో మేం ఆడుకునే గదికి రాగానే వాడి ఫోన్ తీసుకున్నాను. అదే ఫ్రీ సైట్‌లో ‘టాషాస్’ అన్న మాట తీసేసి వట్టి ‘హిడియస్ లాఫ్టర్’ అని కొట్టాను. వచ్చింది. ఆ పూట వాడు మిర్చి బజ్జీ కూడా ముట్టలేదు.

ఫ్రీ అంటే సగం ఆట, పైసలు పెడితే పూర్తి ఆట అనుకునేవాళ్లే ఎక్కువ. నిజానికి ఈ రెంటి మధ్య గీత గీసింది లైసెన్సు. నాణ్యతకూ దానికీ సంబంధం లేదు. ఆ గీత ఎక్కడుందో తెలిశాక మీ టేబుల్‌కి నిజంగా తక్కువ పడేది ఏమిటో తేలుతుంది. చాలాసార్లు అది మీరు అనుకున్నదాంట్లో పదో వంతు కూడా ఉండదు. కింద రాసినవన్నీ నేను డీఎంగా (డంజన్ మాస్టర్, అంటే కథ నడిపేవాడు) ఆట నడుపుతూ, కొన్నిచోట్ల పైసలు పోగొట్టుకుని నేర్చుకున్నవి. ఎక్కువగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ గురించే చెబుతాను, ఎందుకంటే తికమక అంతా అక్కడే ఉంది.

అడుగు 1: రెండు ఆదివారాలు రాసి పెట్టండి

ఏదీ కొనకండి, ఏ టూల్‌లోనూ కొత్త ఖాతా తెరవకండి. ఒక నోటుబుక్కు టేబుల్ మీద పెట్టుకోండి. ఆటలో ఎవరు ఏ రూలు కోసం ఫోన్ తెరిచినా ఆ పేరు రాయండి. స్పెల్, రాక్షసుడు, ఆయుధం, కండిషన్, ఏదైనా సరే. దొరికితే పక్కన టిక్కు, దొరక్కపోతే ఇంటూ.

మా టేబుల్‌లో రెండు వారాలకు ముప్పై చిల్లర పేర్లు వచ్చాయి. సగానికి పైగా ‘ప్రోన్ (కింద పడి ఉండటం) అంటే ఏం జరుగుతది’, ‘గ్రాపుల్ (పట్టుకుని ఆపడం) ఎట్ల చేయాలె’, ‘కవర్ ఉంటే ఏసీ (దెబ్బ తగలకుండా కాచే అంకె) ఎంత పెరుగుతది’ లాంటివే. ఇవన్నీ ఎక్కడైనా ఉచితం. ఇంటూలు ఐదు. వాటిలో రెండు మన బార్డ్ తమ్ముడి నవ్వు లాంటివి, పేరు మారి కనపడనివి. అంటే నిజమైన లోటు మూడే. ఈ లెక్క లేకుండా కొనడానికి కూర్చుంటే సైటువాళ్లు పెట్టే బొమ్మలు చూసి కొంటాం.

అడుగు 2: గీత ఎక్కడుందో చూసుకోండి

దీని మీద కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి, మిగతావన్నీ దీని మీదే ఆధారపడ్డాయి.

డీ అండ్ డీ ఐదో ఎడిషన్ 2014లో వచ్చింది. 2016లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ ఆ రూల్స్‌లో ఒక భాగాన్ని సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ పేరుతో ఉచితంగా వదిలింది. అందరూ ఎస్‌ఆర్‌డీ అంటారు. ‘దీన్ని వాడుకుని మీరూ ఆటలు, సాహసాలు రాసుకోండి’ అన్న ఒప్పందంతో ఇచ్చిన సరుకు ఇది. 2023 జనవరిలో ఆ ఒప్పందాన్ని మార్చబోతున్నట్టు ఒక ముసాయిదా బయటికి పొక్కింది, ఆటగాళ్లు పెద్ద లొల్లి చేశారు. అదే నెల చివర్లో కంపెనీ వెనక్కి తగ్గి, ఎస్‌ఆర్‌డీ 5.1ని క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్సు (ఎవరిదో చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు అనేది) కింద పెట్టేసింది. ఆ లైసెన్సును షరతులు పాటించేవాళ్ల దగ్గర నుంచి వెనక్కి తీసుకోవడం కుదరదు. కొత్త 2024 రూల్స్‌కి సరిపోయే ఎస్‌ఆర్‌డీ 5.2 కూడా 2025 ఏప్రిల్‌లో అదే లైసెన్సుతో వచ్చింది.

ఏ ఫ్రీ టూల్ తెరిచినా లోపల ఉండేది దాదాపు ఈ సరుకే. కాబట్టి ‘ఫ్రీలో ఏముంది’ అంటే ‘ఎస్‌ఆర్‌డీలో ఏముంది’ అని అర్థం. 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, అంటే ఆటగాళ్ల రూలు పుస్తకం, పక్కన పెట్టి చూద్దాం. క్లాసులు (పాత్ర వృత్తులు) పుస్తకంలో 12, ఎస్‌ఆర్‌డీలోనూ 12. సబ్‌క్లాసులు (ఆ వృత్తిలో శాఖలు) పుస్తకంలో 48, ఎస్‌ఆర్‌డీలో క్లాసుకు ఒకటి చొప్పున 12. బ్యాక్‌గ్రౌండ్‌లు (పాత్ర గతం) పుస్తకంలో 16, ఇక్కడ 4. జాతులు పుస్తకంలో 10, ఇక్కడ 9, ఆసిమార్ ఒక్కటే లేదు.

చూశారుగా, ఆడటానికి కావలసినదంతా ఉంది. లేనిది ఎంపిక. ఫైటర్ క్లాసు ఆడాలంటే ఛాంపియన్ సబ్‌క్లాసుగా ఆడొచ్చు, బ్యాటిల్ మాస్టర్ కావాలంటే మాత్రం పైసలు పెట్టాలి. రోగ్‌కి థీఫ్ ఉంది, అసాసిన్ లేదు. మొదటిసారి ఆడేవాళ్లకి ఛాంపియన్ మేలు అని నా గట్టి నమ్మకం. బ్యాటిల్ మాస్టర్ లాగా బోలెడు యుక్తులు ముందు పెడితే వాళ్ల టర్న్ వచ్చేసరికి చాయ్ చల్లారిపోతుంది.

పాత 5.1 మీద ఆడే టేబుల్ అయితే ఇరుకు ఇంకొంచెం ఎక్కువ. అందులో బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటే, అకొలైట్. ఫీట్ (అదనపు నైపుణ్యం) కూడా ఒక్కటే, గ్రాప్లర్. విచ్ బోల్ట్ లాంటి కొన్ని స్పెల్స్ అసలే లేవు.

రాక్షసుల్లో గీత ఇంకో తీరుగా ఉంది. గోబ్లిన్, ఔల్‌బేర్, మిమిక్, లిచ్, రంగురంగుల డ్రాగన్లు, చివరికి టరాస్క్ కూడా ఉచితం. బీహోల్డర్, మైండ్ ఫ్లేయర్, డిస్‌ప్లేసర్ బీస్ట్, గిత్‌యాంకీ, యువాన్-టీ లాంటివాటిని మాత్రం 5.1లో కంపెనీ తన దగ్గరే పెట్టుకుంది. దాని సొంత ముద్ర ఉన్న జీవాలు ఇవే.

అడుగు 3: మనిషి పేరు కోసేసి వెతకండి

బార్డ్ తమ్ముడి కథకు కారణం ఇది. టాషా, బిగ్బీ, మెల్ఫ్, లియోమండ్ వంటివాళ్లు డీ అండ్ డీ కథాలోకంలోని మాంత్రికులు. ఆ పేర్లు కంపెనీవి. అందుకే ఎస్‌ఆర్‌డీలో స్పెల్ ఉంచి పేరు ఊడదీశారు. ‘మెల్ఫ్స్ యాసిడ్ ఆరో’ వట్టి ‘యాసిడ్ ఆరో’ అయింది. ‘లియోమండ్స్ టైనీ హట్’ ‘టైనీ హట్’ అయింది. ‘టెన్సర్స్ ఫ్లోటింగ్ డిస్క్’, ‘ఎవర్డ్స్ బ్లాక్ టెంటకిల్స్’ కూడా అంతే. ఇవన్నీ పేరు కోస్తే దొరుకుతాయి. ‘బిగ్బీస్ హ్యాండ్’ మాత్రం కోసినా దొరకదు, అది ‘ఆర్కేన్ హ్యాండ్’గా మారింది. ‘మోర్డెన్‌కైనెన్స్ స్వోర్డ్’ కూడా ‘ఆర్కేన్ స్వోర్డ్’ పేరుతో ఉంటుంది.

నోటుబుక్కులో ఇంటూ పెట్టిన ప్రతి పేరునూ ఈ లెక్కన మళ్లీ ఒకసారి కొట్టి చూడండి.

అడుగు 4: ఏ టూల్ దేనికో తేల్చుకోండి

వట్టి రూలు చూసుకోవడానికి ఓపెన్5ఈ అనే ఫ్రీ సైటు చాలు. ఖాతా అక్కర్లేదు, ఫోన్‌లో తొందరగా తెరుచుకుంటుంది. ఎస్‌ఆర్‌డీతో పాటు వేరే ప్రచురణకర్తలు ఓపెన్ లైసెన్సు కింద వదిలిన రాక్షసులు, స్పెల్స్ కూడా అందులో కలిసి ఉంటాయి. ఏది ఎవరిదో పక్కనే రాసి ఉంటుంది, అది చూడకుండా వాడితే ‘ఇది మన ఆటలోదేనా’ అని టేబుల్ మీద పంచాయితీ మొదలవుతుంది.

క్యారెక్టర్ తయారీకి డీ అండ్ డీ బియాండ్ సుఖం. 2017లో మొదలైన ఈ సైటును 2022లో విజార్డ్స్ మాతృసంస్థ హాస్‌బ్రో కొనేసింది, కాబట్టి ఇప్పుడిది అధికారికం. ఉచిత ఖాతాలో ఆరు క్యారెక్టర్లు దాచుకోవచ్చు. ఒక్కో ఆటగాడికి ఒక్కో ఖాతా ఉంటే ఆరు ఎక్కువే. ‘నాకు సరిపోవట్లేదు’ అనేవాళ్లు పాత క్యారెక్టర్లని చెరిపేయడానికి మనసు రానివాళ్లు. వాళ్లలో నేనూ ఒకణ్ని. ఒక జాగ్రత్త ఏమిటంటే, ఈ సైటులో 2014 సరుకు, 2024 సరుకు పక్కపక్కనే ఉంటాయి. పాతదాని మీద ‘లెగసీ’ అని ముద్ర ఉంటుంది. మీ టేబుల్ ఏ రూల్స్ మీద ఆడుతోందో మొదటి రోజే తేల్చుకోకపోతే, ఒకే పేరున్న స్పెల్‌ని ఇద్దరు రెండు రకాలుగా చదువుతారు.

మ్యాపు కావాలంటే రోల్20 అనే ఆన్‌లైన్ టేబుల్ సైటులో ఉచిత ఖాతాతో మొదలుపెట్టొచ్చు. సొంత కంప్యూటర్ మీద నడుపుకునే ఓపిక ఉన్న డీఎంకి ఫౌండ్రీ అనే అలాంటి సాఫ్ట్‌వేర్. దానికి ఒక్కసారి 50 డాలర్లు కడితే చాలు, నెలసరి చందా లేదు, ఆటగాళ్లు ఏమీ కొనక్కర్లేదు, బ్రౌజర్‌లో చేరతారు. ఎదురెదురుగా కూర్చుని ఆడే మాకు మ్యాపు అంటే గళ్ల చార్టు కాగితం, శనగ గింజలు. ఆట చివరికి గోబ్లిన్ల సంఖ్య తగ్గుతుంటుంది, ఎవరు తింటున్నారో ఇంకా తేలలేదు.

పాత్‌ఫైండర్ అనే ఇలాంటి ఇంకో ఆట సంగతి ఒక్క మాటలో: అక్కడ ఈ బాధే లేదు. పైజో కంపెనీ తన రూలు పుస్తకాల్లోని నియమాలను ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే అధికారిక సైటులో ఉచితంగా పెట్టనిస్తుంది. పైసలు పెట్టేది పుస్తకాల బొమ్మలకి, సాహసాల కథలకి. నిజంగా చేతిలో చిల్లిగవ్వ లేని కాలేజీ పిల్లలైతే మొదటినుంచీ అటే వెళ్లండని చెబుతాను. రూల్స్ కాస్త బరువు, అంతే.

అడుగు 5: కొనే ముందు పూడ్చి చూడండి

మా మూడు నిజమైన లోట్లలో ఒకటి యువాన్-టీ, అంటే పాము మనుషులు. నేను నడుపుతున్న కథ ఓరుగల్లు కోట లాంటి ఒక పాడుబడ్డ నగరంలో జరుగుతుంది. మూడు వలయాల కోట, నాలుగు దిక్కులా తోరణాలు, కింద ఎవరూ దిగని మెట్లబావి. ఆ బావి అడుగున పాము మనుషులు కావాలనుకున్నాను.

ఎస్‌ఆర్‌డీ తిరగేస్తే గార్డియన్ నాగా, స్పిరిట్ నాగా రెండూ కనపడ్డాయి. లంకెబిందెల మీద పాము కాపలా ఉంటుందని చిన్నప్పుడు వినని మనిషి మన దగ్గర ఎవరున్నారు? బావి అడుగున గార్డియన్ నాగాను కూర్చోబెట్టాను. అది పోట్లాడదు, అడుగుతుంది: ‘ఈ బిందెలు ఎవరివి?’ అబద్ధం చెబితేనే కోపం. ఆ పూట ఒక్క దెబ్బ పడలేదు, మూడు గంటలు ఎవరూ ఫోన్ ముట్టలేదు. యువాన్-టీ కొని ఉంటే నలభై నిమిషాల్లో కొట్లాట అయిపోయేది.

పూడ్చే పద్ధతి ఇదే. లేని రాక్షసుడి లెవెల్‌కి దగ్గరగా ఉన్న ఉచిత రాక్షసుణ్ని తీసుకోండి. అంకెలు ముట్టుకోకండి. వేషం, పేరు, మాట మార్చండి. బ్యాక్‌గ్రౌండ్‌లకీ ఇదే దారి. అకొలైట్‌ని గుడి పూజారిగానే ఎందుకు చూడాలి? మా డ్రూయిడ్ (అడవి మాంత్రికుడి పాత్ర) మేడారం జాతరకి ఏటూరునాగారం అడవి గుండా బండ్లు కట్టుకుని వచ్చే ఇంటి మనిషి, అంకెలు మాత్రం అకొలైట్‌వి.

డీ అండ్ డీ బియాండ్‌లో సొంతంగా స్పెల్, వస్తువు తయారుచేసుకోవడం ఉచిత ఖాతాలోనూ కుదురుతుంది. ఇతరులు పెట్టినవాటిని మీ సేకరణలో కలుపుకోవడానికే చందా కావాలి. అయితే పుస్తకంలోని పేరాను ఉన్నదున్నట్టు అందులో ఎక్కించి అందరికీ కనపడేలా పెట్టడం తప్పు, ఆ పని చేయకండి.

అడుగు 6: కొంటే ఒక్కరే కొనండి

పూడ్చినా పూడనివి కొన్ని ఉంటాయి. మా ఫైటర్ ఆరు నెలలు ఛాంపియన్‌గా ఆడాక బ్యాటిల్ మాస్టర్ కావాలన్నాడు. అప్పుడు కొనడం న్యాయం.

ఐదుగురూ కొనక్కర్లేదు. డీ అండ్ డీ బియాండ్‌లో మాస్టర్ స్థాయి చందా ఉన్న ఒకరు తమ క్యాంపెయిన్‌లో (ఒకే కథ ఆడే గుంపులో) కంటెంట్ షేరింగ్ తెరిస్తే, అందులో ఉన్నవాళ్లు కొన్న పుస్తకాలు మిగతా అందరికీ కనపడతాయి. లెక్క వేద్దాం. డాలర్‌కి 85 రూపాయలు అనుకోండి. డిజిటల్ పుస్తకం సుమారు 30 డాలర్లు, అంటే 2,550 రూపాయలు. ఏడాది చందా సుమారు 55 డాలర్లు, అంటే 4,675. మొత్తం 7,225, ఐదుగురికి పంచితే మనిషికి 1,445. పుస్తకం ఒక్కరికే కావాలంటే చందా మాటే అక్కర్లేదు, ఆ ఒక్కరే పుస్తకం కొనుక్కుంటే సరి. ఈ తేడా చూడకుండా ముందు చందా కట్టి, తర్వాత ‘పుస్తకాలు ఏవి’ అని వెతికేవాళ్లని ఇద్దరిని చూశాను. చందాలో పుస్తకాలు రావు. అది పంచుకునే హక్కుకీ, క్యారెక్టర్ల పరిమితి తీసేయడానికీ కట్టే కిరాయి.

ఇంకో మూడు సంగతులు తొందరగా చెప్పేస్తాను. అచ్చు పుస్తకం ఒక్కటే కొంటే డిజిటల్ దానితో రాదు. ఒక సైటులో కొన్న డిజిటల్ పుస్తకం మామూలుగా ఇంకో సైటులో తెరుచుకోదు, రోల్20లో కొన్నది బియాండ్‌కి రాదు. ఒకప్పుడు బియాండ్‌లో ఒక్క సబ్‌క్లాస్, ఒక్క రాక్షసుణ్ని విడిగా కొనుక్కునే వీలుండేది, 2024లో దాన్ని ఎత్తేశారు. పాత సలహాలు చదివి ఆ బటన్ కోసం వెతుకుతూ కూర్చోకండి.

అడుగు 7: కార్డు సంగతి

పుస్తకం దగ్గర కంటే పైసలు కట్టే ఇక్కడే ఎక్కువ హైరానా. 2020 నుంచి మన బ్యాంకులు ఇచ్చే కార్డుల్లో విదేశీ లావాదేవీ మొదట మూసే ఉంటుంది. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగుల్లోకి వెళ్లి అంతర్జాతీయ ఆన్‌లైన్ వాడకం తెరిచి, పరిమితి మూడు వేలో ఎనిమిది వేలో మీరు కొనేదానికి సరిపడా మాత్రమే పెట్టండి. కొన్న వెంటనే మళ్లీ మూసేయండి.

డాలర్ ధర మీద బ్యాంకు తన మార్పిడి రుసుము వేస్తుంది, చాలా కార్డుల మీద అది 2 నుంచి 3.5 శాతం. ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ. 2,550 రూపాయల పుస్తకం మీద 3.5 శాతం అంటే 89 రూపాయలు, దాని మీద జీఎస్టీ 16. చేతి నుంచి పోయేది 2,655. మిత్రుల దగ్గర వంతులు వసూలు చేసేది స్టేట్‌మెంట్ వచ్చాకే. ముందే వసూలు చేసి తేడా నేను భరించిన సందర్భం ఉంది, అడగడానికి మొహమాటం.

అడుగు 8: కొన్నా కిరాయి ఇల్లే అనుకోండి

సైటులో ఉన్న పుస్తకం మీ బీరువాలో లేదు. 2024 ఆగస్టులో బియాండ్ ఒక ప్రకటన చేసింది: క్యారెక్టర్ షీట్లలోని 2014 స్పెల్స్, మాయా వస్తువుల స్థానంలో కొత్త 2024 రూపాలు వస్తాయని. పైసలు పెట్టి కొన్నవాళ్లు భగ్గుమన్నారు, కొన్ని రోజుల్లోనే ఆ నిర్ణయం వెనక్కి పోయింది. పోయింది సరే. కానీ మనం కొన్నదాన్ని మార్చే తాళం ఎవరి చేతిలో ఉందో అందరికీ అర్థమైంది.

అందుకని నెలకోసారి మీ క్యారెక్టర్ షీట్‌ని పీడీఎఫ్‌గా దించుకోండి. లెవెల్ పెరిగిన ప్రతిసారీ ఒక ప్రింటు తీయండి. ఎస్‌ఆర్‌డీ పీడీఎఫ్‌ని కంపెనీ సైటు నుంచే దించి ఫోన్‌లో పెట్టుకోండి. సైటు పడిపోయినా, కరెంటు పోయినా, లక్నవరం గుట్టల మధ్య సిగ్నల్ పోయినా అది పనిచేస్తుంది. అక్కడ గుడారంలో టార్చి వెలుగులో ఒక రాత్రంతా దాని మీదే ఆడాం.

టెలిగ్రామ్‌లో ‘అన్ని పుస్తకాలు ఒకే ఫోల్డర్’ అని తిరిగే లింకుల గురించి అడుగుతారని తెలుసు. నా టేబుల్ మీద వాటిని ఒప్పుకోను. ఉచితంగా ఇంత న్యాయంగా దొరుకుతుంటే దొంగ సరుకు ఎందుకన్నది ఒకటి. ఆ ఫైళ్లలో పాత తప్పులు సవరించకుండా ఉండి ఆట మధ్యలో గొడవలు రావడం రెండోది.

అడుగు 9: తెలుగు కార్డులు వేసుకోండి

క్రియేటివ్ కామన్స్ వల్ల మనకి దొరికిన అసలు లాభం ఇది, దీన్ని వాడుకునేవాళ్లు మాత్రం తక్కువ. ఎస్‌ఆర్‌డీని తెలుగులోకి మార్చుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, పంచొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఎవరినీ అడగనక్కర్లేదు. పాత 5.1 లెక్కన మా నవ్వు స్పెల్ కార్డు ఇలా ఉంటుంది (సేవ్ అంటే స్పెల్ నుంచి తప్పించుకోవడానికి వేసే పాచిక, అడ్వాంటేజ్ అంటే రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం):

పగలబడి నవ్వు. లెవెల్ 1. దూరం 30 అడుగులు. ఏకాగ్రత, ఒక నిమిషం దాకా. విజ్‌డమ్ సేవ్ తప్పితే నవ్వుతూ కింద పడతాడు, లేవలేడు, ఏ పనీ చేయలేడు. తన ప్రతి టర్న్ చివరా, దెబ్బ తగిలినప్పుడల్లా మళ్లీ సేవ్. దెబ్బ వల్ల వచ్చిన సేవ్‌కి అడ్వాంటేజ్. ఇంటెలిజెన్స్ 4 లేదా అంతకు తక్కువ ఉన్నవాటి మీద పనిచేయదు.

కాన్సన్‌ట్రేషన్‌కి ‘ఏకాగ్రత’ అన్న మాట వెంటనే కుదిరింది. సేవింగ్ త్రోకి ‘కాపు విసురు’ అని పెట్టి చూశాం, స్పెల్ పడకుండానే అందరూ పగలబడ్డారు, దాంతో ‘సేవ్’ అనే ఉంచేశాం. నోట్లో నలిగిన మాటని మార్చకండి, వాక్యాన్ని మాత్రం తెలుగు చేయండి. ఆట వేగం అక్కడే తేలుతుంది.

షరతులు కొన్నే. ఎస్‌ఆర్‌డీ మొదటి పేజీలో ‘ఈ వాక్యం పెట్టండి’ అని ఒక అట్రిబ్యూషన్ వాక్యం ఇచ్చారు, దాన్ని మార్చకుండా పెట్టాలి. మీరు అనువదించారని, మార్పులు చేశారని చెప్పాలి. డీ అండ్ డీ లోగో వాడకూడదు, కంపెనీ ఒప్పుకున్నట్టు రాయకూడదు. ‘ఫిఫ్త్ ఎడిషన్‌కి సరిపోతుంది’ అని రాసుకోవచ్చు. పేరు కోసిన స్పెల్స్‌కి మళ్లీ టాషానో బిగ్బీనో తగిలించకండి.

మేం 40 కార్డులు డిజైన్ చేసి, హన్మకొండ చౌరస్తా దగ్గర జిరాక్స్ షాపులో రంగుల్లో తీయించి, లామినేషన్ చేయించి, ఒక కాలేజీ ఫెస్ట్‌లో పంచడానికి డబ్బాలో పెట్టుకున్నాం. ఆటోలో కూర్చున్నాక వెనక వైపు తిప్పి చూశాను. అట్రిబ్యూషన్ వాక్యం ఒక్క కార్డు మీద కూడా లేదు. లామినేషన్ అయ్యాక దాని మీద పెన్ను కూడా పడదు. ఆటో దిగి మళ్లీ అదే షాపుకి వెళితే, ఆయన డబ్బా చూసి, “ఏంది సార్, మళ్ల నలభయ్యా?” అన్నాడు.